ఒక్క పేజీ మెనూ

నాన్న ఆ కాగితాన్ని తిరగేసి చూశారు. వెనక ఏమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పి, "మిగతా పేజీలు తర్వాత తెచ్చిస్తారా ఏమిటే?" అనడిగారు.

మిగతా పేజీలు లేవు. పైన ఆ రోజు తేదీ, దాని కింద పదకొండు వంటకాలు, ఒక్కోదాని పక్కన ఒక అంకె. పౌండు గుర్తు వెయ్యలేదు కాబట్టి నాన్న మొదట వాటిని వరస నంబర్లనుకున్నారు. "పన్నెండు తర్వాత తొమ్మిదేమిటి, దాని కింద ఇరవై తొమ్మిదేమిటి" అని కాసేపు తికమకపడి, అవి ధరలని తెలిశాక కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టేశారు.

ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం. లీడ్స్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల నడకలో ఉన్న చిన్న రెస్టారెంటు. పేరు చెప్పను, ఎందుకంటే మంచితో పాటు నాలుగు మాటలు దెప్పుదామనే ఇది మొదలుపెట్టాను. ఒకప్పుడు అది మాంసం కొట్టట. గోడల తెల్ల టైల్స్ అలాగే ఉంచేశారు. పైన కమ్మీకి ఉన్న కొక్కేల నుంచి ఇప్పుడు బల్బులు వేలాడుతున్నాయి. మొత్తం ఇరవై ఎనిమిది కుర్చీలు, ఏ రెండూ ఒక పోలిక కావు. అద్దాలకి లోపలి నుంచి ఆవిరి పట్టింది. బయట సన్నగా వాన. మోచెయ్యి కదిపితే పక్క టేబుల్ వాళ్ళ గ్లాసుకి తగిలేంత దగ్గర. ఇలాంటి చోటుని ఇక్కడివాళ్ళు 'కోజీ' అంటారు. వెచ్చగా ఉండాలి, చిన్నగా ఉండాలి, దీపాలు మసకగా ఉండాలి, బయట వాతావరణం పాడుగా ఉంటే మరీ మంచిది. ఇన్ని అర్థాలున్న ఈ మాటని తెలుగులో ఏమనాలా అని నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. నాన్న లోపలికి అడుగుపెడుతూనే తేల్చేశారు: "ఇరుకు."

అమ్మానాన్నలు తెనాలి నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ మేము బయటికి తీసుకెళ్ళిన చోటల్లా మన రెస్టారెంట్లే. మా పెళ్ళిరోజుకైనా ఈ దేశం తిండి రుచి చూపిద్దామని ఇక్కడికి తీసుకొచ్చాను. ఆ రోజు శనివారమని, అమ్మ నీసు ముట్టదని, గుడ్డు కూడా నీసు కిందకే వస్తుందని టేబుల్ బుక్ చేసేటప్పుడు నాకు తట్టలేదు. నాన్నకి శనివారాలూ సోమవారాలూ లేవు.

ఆ రాత్రి నుంచి నా బుర్రలో నలుగుతున్న మాట ఇది: ఆ ఒక్క పేజీ కాగితం మన ఇంటి వంటకి దగ్గరి చుట్టం. నూట యాభై ఐటెంలతో, ప్లాస్టిక్ తొడుగులతో, పంచాంగమంత లావుగా ఉండే మన తెలుగు రెస్టారెంటు మెనూ మాత్రం ఆ వంటకి చుట్టమని చెప్పుకు తిరిగే పరాయిది. ఈ మాటంటే మా స్నేహితుల్లో ముగ్గురు ఇప్పటికే నాతో పోట్లాడారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అమ్మాయి గురించి చెప్పాలి. ఆర్డర్ తీసుకోవడానికి వచ్చిన పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయేమో. మాంసం, చేప, గుడ్డు లేనివి ఏవని అడిగాను. కాగితం చూడకుండా చెప్పేసింది. లీక్స్ అనే లావు ఉల్లికాడల్లాంటి కూర మీద ఉడికిన గుడ్డు తురుముతారు, అది తీసేసి ఇస్తాం. కాల్చిన క్యాబేజీ మీద పోసే వెన్నలో ఆంచోవీ చేపలు కరిగించి ఉంటాయి, మీ అమ్మగారికి విడిగా మామూలు వెన్న వేయిస్తాను. కస్టర్డ్‌లో గుడ్డు ఉంది, దాని బదులు మీగడ. చీజ్ ఒకదాన్ని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు, అది వద్దనుకుంటే చెప్పండి. ఆ చివరిది నాకే తెలియదు! ఈ దేశంలో పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాలకి సంబంధించిన సమాచారం తినేవాళ్ళకి అందుబాటులో ఉంచాలని చట్టం ఉంది. గుడ్డు, చేప, పాలు, ఆవాలు, నువ్వులు అన్నీ అందులో వస్తాయి. కానీ చట్టం వల్ల ఫైలు తిరగేసి చెప్పడం వేరు, నోటికి వచ్చి ఉండటం వేరు. పదకొండు వంటకాలు కాబట్టి ఆ పిల్లకి నోటికొచ్చాయి. నూట యాభై వంటకాలు ఏ మనిషికి నోటికొస్తాయి? మన దగ్గర "ఇందులో జీడిపప్పు ఉందా?" అనడిగితే "లోపల కనుక్కుని వస్తాను మేడమ్" అని వెళ్ళిన అబ్బాయి మళ్ళీ కనపడడు. పాపం అతని తప్పు కాదది.

ఇక తిండి.

మొదట పొగబెట్టిన మాకెరెల్ చేప వచ్చింది. మాకెరెల్ అంటే మన కానాగంతల జాతే. దాని పక్కన సన్నగా తరిగిన గులాబీరంగు కాడలు, ఒక చెంచాడు తెల్లటి ముద్ద. నాన్న అనుమానంగా చిన్న ముక్క నోట్లో పెట్టుకున్నారు. రెండు క్షణాల్లో కళ్ళల్లో నీళ్ళు, ముక్కులోంచి ఘాటు. "ఒరేయ్, ఇది ఆవపిండి కదే!" ఆవపిండి కాదు, హార్స్‌రాడిష్ అనే దుంప తురుము. కానీ నాన్న పూర్తిగా తప్పూ కాదు. ఆవాలూ ఆ దుంపా ఒకే కుటుంబం, నషాళానికి అంటించే ఆ ఘాటు కూడా ఒకటే. నూనె చేప, దాని మీద పులుపు, పైన ఆవ ఘాటు. ఈ మూడూ కలిపిన మనిషిని చప్పిడి వంటవాడని ఎలా అంటాం?

మనవాళ్ళు 'ఇంగ్లీషువాళ్ళ తిండి చప్పిడి' అన్నప్పుడల్లా నాకు రెండు విషయాలు చెప్పాలనిపిస్తుంది. ఒకటి, మన నాలుక కారాన్ని ప్రతి ముద్దలోనూ, కంచం నిండా సమంగా వెతుకుతుంది. ఇక్కడ ఘాటుని ఒక మూల చెంచాడు పెడతారు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. మూల మాగాయ పెట్టినట్టు. కంచంలో మాగాయ ముట్టుకోకుండా ముద్దపప్పు అన్నం మాత్రమే తిని తెలుగు భోజనం చప్పిడి అన్నవాణ్ణి ఏమంటాం? రెండోది చరిత్ర. ఈ దేశంలో 1940 జనవరి 8న రేషన్ మొదలైంది. 1954 జూలై 4 దాకా పూర్తిగా పోలేదు. పద్నాలుగేళ్ళు! రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా రేషన్‌లో లేని బ్రెడ్డుని, యుద్ధం గెలిచాక 1946 నుంచి 1948 దాకా రేషన్‌లో పెట్టారు. కూపన్లు లెక్కపెట్టుకుంటూ వండిన తల్లులు, ఆ వంట తిని పెరిగిన పిల్లలు. ఆ పిల్లలు పెద్దయ్యేసరికి డబ్బాల తిండి సిద్ధంగా ఉంది. ఒక తరం పాటు వంటింటికి తాళం పడితే, ఆ తర్వాత మిగిలేది చప్పిడే. ప్రపంచమంతా ఎగతాళి చేసింది ఆ తాళం పడ్డ వంటింటిని చూసి.

ఆ తాళం తీసినవాళ్ళు నాకు చాలా ఇష్టమైన మనుషులు. 1985లో లండన్ సోహోలో అలిస్టర్ లిటిల్ అనే వంటవాడు ఒక రెస్టారెంటు తెరిచాడు. బల్లల మీద తెల్ల గుడ్డలు లేవు. మెనూ రోజుకి రెండుసార్లు మారేది. పొద్దున బజార్లో ఏం దొరికితే మధ్యాహ్నం అది. 1989లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది: 2,000కి మించి పబ్బులున్న బీరు కంపెనీలు, మించినవాటిలో సగాన్ని అమ్మెయ్యాలి, లేదా తమ సరుకే అమ్మాలనే కట్టుబాటు నుంచి విడిచిపెట్టాలి. దాంతో బోలెడు పాత పబ్బులు తక్కువ ధరకి చేతులు మారాయి. చేతిలో డబ్బు లేని కుర్ర వంటవాళ్ళకి అదే అదును. 1991లో మైక్ బెల్బెన్, డేవిడ్ ఎయిర్ అనే ఇద్దరు లండన్ ఫారింగ్డన్ రోడ్డులో 'ది ఈగల్' అనే పబ్బు తీసుకున్నారు. బారు వెనకే పొయ్యి. పాత సామాన్ల కొట్లో కొన్న జతలేని కుర్చీలు, జతలేని పళ్ళాలు. మెనూ నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాళ్ళు, అయిపోయిన వంటకాన్ని తుడిచేసేవాళ్ళు. మంచి తిండి పెట్టే పబ్బుని గ్యాస్ట్రోపబ్ అంటారు, ఆ మాట పుట్టింది దానివల్లే.

ఆ తర్వాత 1994లో లండన్‌లోనే స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్టు పక్కన, ఒకప్పుడు పందిమాంసానికి పొగబెట్టిన పాత భవనంలో ఫెర్గస్ హెండర్సన్, ట్రెవర్ గలివర్ కలిసి 'సెయింట్ జాన్' తెరిచారు. హెండర్సన్ చదివింది ఆర్కిటెక్చరు. అతని పేరు మోగించిన వంటకం, కాల్చిన ఎముకల్లోంచి తీసిన మూలుగ, పక్కన పార్స్‌లీ ఆకు, కాల్చిన బ్రెడ్డు, గరుకు ఉప్పు. ఒక జంతువుని చంపితే ముక్కు నుంచి తోక దాకా తినడమే దానికిచ్చే మర్యాద అంటాడు. పత్రికలవాళ్ళు దాన్ని పెద్ద తత్వంలా రాస్తుంటే నాకు నవ్వొస్తుంది. మా ఆయనది సిద్దిపేట వైపు. దసరాకి వాళ్ళింట్లో మేక తెగితే తలకాయ కూర, బోటి, కాళ్ళ పాయా, నల్ల వేపుడు, అన్నీ అయ్యాకే మామూలు మాంసం సంగతి. మూలుగ బొక్క ఎవరికి పడాలన్న దగ్గర బావమరుదులు మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలున్నాయి. ఆ మాటకొస్తే మా అత్తగారికి గొప్ప రెస్టారెంట్లకిచ్చే మిషెలిన్ నక్షత్రం రావాలి. సెయింట్ జాన్‌కి 2009లో వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇవాళ మనం 'కోజీ' అని మురిసిపోతున్నవన్నీ, జతలేని కుర్చీలు, కాగితం మెనూ, ఎదురుగా కనిపించే పొయ్యి, లేమిలోంచి పుట్టాయి. చిన్న వంటగది, ఇద్దరు మనుషులు, ఒక చిన్న ఫ్రిజ్. నిల్వ పెట్టుకునే చోటు లేదు కాబట్టి ఏ రోజుది ఆ రోజు. వండింది అమ్ముడుపోవాలి కాబట్టి తక్కువ రకాలు. తక్కువ రకాలు కాబట్టి ఒక్కోదాని మీద మనసు పెట్టారు. సరిగ్గా అమ్మ తెనాలి వంటింట్లో చేసిన పనే. పొద్దున గంపలో బీరకాయలు వస్తే బీరకాయ కూర. "నాకు వంకాయ కావాలి" అంటే "రేపు చూద్దాంలే" అనేది. ఇంట్లో మెనూలో ఒకే పేజీ. నిజానికి ఒకే వాక్యం.

ఇప్పుడు నేను చదువుకునే రోజుల సంగతి ఒకటి. ఎమ్మెస్సీ చేసేటప్పుడు, వీసా ఒప్పుకునే వారానికి 20 గంటల్లో, వేరే ఊళ్ళో ఒక ఇండియన్ రెస్టారెంటు వెనక వంటగదిలో పనిచేశాను. నా పని ఉల్లిపాయలు. బస్తాలు బస్తాలు. వాటిని అల్లం, వెల్లుల్లి, కాస్త క్యారెట్టు, టొమాటోలతో గంటల తరబడి ఉడికించి, పెద్ద గ్రైండర్‌తో పేస్టు చేసి, బకెట్లకెత్తాలి. దాన్ని బేస్ గ్రేవీ అంటారు. ఆర్డర్ రాగానే పెనం మీద నూనె, మసాలా, ఒక గరిటె బేస్, విడిగా ఉడికించిన ముక్కలు. కొబ్బరి, మీగడ వేస్తే కోర్మా. కారం, వెనిగర్ వేస్తే విందాలూ. ఉడికిన పప్పు కలిపితే ధన్‌సాక్. సీసాలోంచి రెండు చెంచాల ఆకు ముద్ద వేస్తే? మీరు ఊహించిందే, 'ఆంధ్రా స్పెషల్ గోంగూర'. మెనూలో నూట నలభై పేర్లు, పొయ్యి మీద ఒకటే ఉల్లిపాయ. ఆ పని చేసిన ఏడాది తర్వాత ఆరేళ్ళ పాటు నేను బయట ఏ కూరా ఆర్డర్ చెయ్యలేదు, ఇడ్లీ తినేదాన్ని.

దీన్ని మోసం అనను. సాయంత్రం నాలుగు గంటల్లో వందమందికి పది నిమిషాల్లో తిండి పెట్టాలంటే వేరే దారి లేదు. సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీయులు దశాబ్దాల పాటు ఈ దేశానికి అన్నం పెట్టింది ఈ పద్ధతిలోనే. నా గొడవ ఆ తర్వాత వచ్చిన మనవాళ్ళతో. ఇప్పుడు పెద్ద ఊళ్ళన్నిటిలోనూ తెలుగు రెస్టారెంట్లు వచ్చాయి. బోర్డు మీద పల్లెటూరు, గోడ మీద ఎడ్లబండి బొమ్మ, మెనూలో రాజుగారి కోడి పలావు, ఉలవచారు బిర్యానీ, మధ్యలో చిల్లీ పనీర్, చివర గోబీ మంచూరియా. పల్లెటూళ్ళో గోబీ మంచూరియా ఎవరు వండారు? ఫిబ్రవరిలో యార్క్‌షైర్‌లో వంకాయ, బెండకాయ, దొండకాయ అన్నీ ఉన్నాయంటే అవి విమానమెక్కి వచ్చాయనో, మంచుగడ్డలై వచ్చాయనో అర్థం. ఈ నేలలో, ఈ వారంలో ఏం పండిందో ఆ వంటగదికి తెలియదు. అమ్మ వంటింటికి ఆ సంగతి తెలియని రోజు లేదు.

రూబార్బ్ సంగతి చూడండి. నాన్న మాకెరెల్ పక్కనున్న గులాబీ కాడలు అవే. అమ్మకి భోజనం చివర మీగడతో వచ్చినవీ అవే. మా లీడ్స్‌కి ఆనుకునే, వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ ఊళ్ళ మధ్యనున్న చిన్న ముక్కని రూబార్బ్ త్రికోణం అంటారు. మొక్కని రెండేళ్ళు పొలంలో వదిలేస్తారు, కాడలు కొయ్యకుండా. అది బలమంతా దుంపలో దాచుకుంటుంది. చలికాలం మంచు దెబ్బ తిన్నాక దుంపల్ని తవ్వి, కిటికీల్లేని వెచ్చని షెడ్లలోకి మారుస్తారు. చిమ్మచీకట్లో వెలుతురు కోసం వెతుక్కుంటూ కాడలు పొడుగ్గా, లేతగా సాగుతాయి. కోసేది కొవ్వొత్తి వెలుగులో, ఎక్కువ వెలుతురు తగిలితే ముదిరిపోతాయని. పోయినేడు మేము చూడ్డానికి వెళ్ళాం. చీకట్లో నిలబడి ఊపిరి బిగబట్టి వింటే మొగ్గలు విచ్చుకుంటున్న చప్పుడు, టప్ టప్ మని. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి లండన్‌కి రూబార్బ్ కోసం ప్రత్యేకంగా రాత్రి రైళ్ళు నడిచేవి. 2010లో యూరోపియన్ యూనియన్ నుంచి మన బందరు లడ్డూకి ఉన్నటువంటి ప్రాంతపు గుర్తింపు కూడా వచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా, నేల మీద కొత్తగా పెద్దగా ఏమీ పండని రోజుల్లో, మా ఊరికి దొరికే కొత్త పంట ఇది.

అమ్మ ఒక ముక్క కొరికి, కళ్ళు చిట్లించి, కాసేపు మాట్లాడలేదు. "గోంగూర" అంది. ఇంకో ముక్క తిని, "కాదు, లేత మామిడి. మధ్యలో ఎక్కడో ఉంది" అంది. "దీన్ని పాకం పట్టి పాడుచేశారు కానీ, పప్పులో వేస్తే..." అని ఆగింది. ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న తెలుగువాళ్ళు రూబార్బ్ పప్పు చేసుకోవడం మామూలే. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువ తాలింపు పెడితే చింతపండు అక్కర్లేదు. కానీ నేను తిరిగిన తెలుగు రెస్టారెంట్లలో ఒక్కదానిలోనూ ఆ పప్పు కనపడలేదు. ఇంట్లో చేసుకునేది బోర్డు మీద రాయడానికి మనకి సిగ్గు. ఇంగ్లీషువాడు అదే కాడని చేప పక్కన పెట్టి, తేదీ వేసి, 12 పౌండ్లకి అమ్మాడు. సిగ్గుపడలేదు.

నన్నడిగితే లీడ్స్‌లో ఒక తెలుగు రెస్టారెంటుకి ఫిబ్రవరి మెనూ ఇలా రాస్తాను: రూబార్బ్ పప్పు. ఆవపెట్టిన క్యాబేజీ కూర, ముక్క అంచులు మాడేదాకా కాల్చి. టర్నిప్పులు, పార్స్‌నిప్పులు, గుమ్మడికాయ వేసిన దప్పళం. కానాగంతల పులుసు. గొర్రె మాంసం, ఏ రోజు ఏ భాగం దొరికితే అది. మిరియాల చారు. పెరుగు. అంతే. ఏప్రిల్‌కి అడివి వెల్లుల్లి ఆకుతో రోటి పచ్చడి. మే నెల వస్తే ఆస్పరాగస్ వేపుడు. జూన్, జూలైల్లో గూస్‌బెర్రీ పప్పు. శరదృతువులో బ్రామ్లీ యాపిల్ పులిహోర. బ్రామ్లీ అంటే వండుకునే పుల్ల యాపిల్, నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో 1809లో ఒక చిన్నపిల్ల నాటిన గింజ నుంచి వచ్చిన జాతి. తురిమి పోపులో వేస్తే మామిడికాయ పులిహోరకి తీసిపోదు.

దీనికి మా స్నేహితురాలు ఇచ్చిన జవాబు నిజాయితీగా రాస్తాను, ఎందుకంటే అందులో బలం ఉంది. "పన్నెండు గంటల నైట్ షిఫ్టు చేసి, మూడు నెలలుగా మొహం వాచి గోంగూర మటన్ కోసం యాభై మైళ్ళు డ్రైవ్ చేసుకుని వెళ్తే, ఇవాళ లేదు, టర్నిప్పు దప్పళం తినండి అంటే నేను వాడి కొట్టు తగలబెడతాను" అంది. నర్సు. ఆమె అన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పరాయి దేశంలో రెస్టారెంటుకి వెళ్ళేది ఆకలితో మాత్రమే కాదు, బెంగతో. బెంగకి ఋతువులు లేవు. పైగా మనం వెళ్ళేది నలుగురం కాదు, పుట్టినరోజుకి పాతిక మందిమి. పిల్లాడికి నూడుల్స్, తాతగారికి ఇడ్లీ, ఒకరికి ఉల్లి వెల్లుల్లి లేనిది. లావు మెనూ అనేది ఉమ్మడి కుటుంబంలో కొట్లాటలు రాకుండా చేసుకున్న ఏర్పాటు. ఒప్పుకుంటాను. గోంగూర మటన్ ఏడాది పొడుగునా ఉండనివ్వండి. మిగతా నూట ముప్ఫై తొమ్మిదింటితోనే నా పేచీ.

అసలు మన దగ్గర మెనూయే లేని పద్ధతి ఒకటుండేదని మర్చిపోయాం. మెస్సు! గుంటూరులోనో బెజవాడలోనో మెస్సుకి వెళ్ళినవాడికి ఎవరూ మెనూ ఇవ్వరు. టోకెన్ తీసుకో, కూర్చో, ఆకు వేస్తారు. ఆ రోజు పప్పు ఏదో, వేపుడు ఏదో, పచ్చడి ఏదో వంటమనిషి ఇష్టం. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లో ఎన్ని రకాలు వడ్డించినా, ఎంచుకునే పని మనకి పెట్టరు. లండన్‌లో 1985లో విప్లవం అని రాసుకున్నది మనకి ప్రతిరోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి జరిగేది. విదేశాలకి వచ్చేటప్పుడు ఆ మెస్సుని ఊళ్ళోనే వదిలేసి, హైవే పక్కన మల్టీ క్యూజీన్ ఫ్యామిలీ రెస్టారెంటుని మోసుకొచ్చాం.

ఇప్పుడు దెప్పడం. ఆ కోజీ రెస్టారెంటులో నాకు నచ్చనిది ధర ఒక్కటే అయితే ఊరుకునేదాన్ని. బుక్ చేసేటప్పుడే కార్డు నంబరు తీసుకున్నారు, రాకపోతే డబ్బులు పట్టుకుంటారట. 6:15కి కూర్చోవాలి, 8:15కి లేవాలి. ఇరవై ఎనిమిది కుర్చీలతో అద్దె, జీతాలు, గ్యాస్ బిల్లు కట్టాలంటే ఒక్కో కుర్చీ రాత్రికి రెండుసార్లు నిండాలి, ఆ లెక్క నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన గడియారం చూస్తూ తినడం బాగుంటుందా? ఇంట్లో ఉన్నట్టుంటుంది అని వాళ్ళ వెబ్‌సైట్లో రాసుకున్నారు. ఏ ఇంట్లో రెండు గంటలకి లేవమంటారు?

అంతకంటే పెద్ద లోటు, కొసరు. పళ్ళెం వస్తుంది. మేము నలుగురం, అందులో ముక్కలు మూడు. ప్రతి పళ్ళెంలోనూ ఆఖరి ముక్క దగ్గర "మీరు తినండి", "కాదు మీరే" అంటూ మర్యాదలు, చివరికి చల్లారిపోయాక మా ఆయన తినేవారు. అమ్మకి ఆ కాల్చిన క్యాబేజీ చాలా నచ్చింది. తినేసి, అలవాటు ప్రకారం పళ్ళేన్ని కాస్త ముందుకి జరిపి, తల తిప్పి చూసింది. మన భోజనాల్లో ఆ చూపుకి అర్థం గరిటె పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆ పిల్ల చిరునవ్వుతో వచ్చి ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మ నావైపు చూసింది. నేను ఇంకో క్యాబేజీ ఆర్డర్ ఇచ్చాను. 9 పౌండ్లు. సుబ్బయ్య గారి హోటల్లో వడ్డించేవాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లండు రెస్టారెంట్లు నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే, వద్దు వద్దని చెయ్యి అడ్డం పెట్టాక కూడా వేళ్ళ సందుల్లోంచి పడే ఆ ఇంకో చెంచాడు. దానికి ఖర్చు ఎంతవుతుంది? క్యాబేజీయే కదా!

బిల్లు 171 పౌండ్లు. తిండీ పానీయాలూ 152, దాని మీద 12.5 శాతం సర్వీసు చార్జీ 19. ఆ 19 ఇష్టమైతేనే ఇవ్వాలని బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, తీసెయ్యమని అడిగే ధైర్యం నాకు ఈ జన్మలో రాదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బు యజమాని జేబులోకి పోకుండా పనివాళ్ళకే చేరాలని చట్టం వచ్చింది కాబట్టి మనసు కాస్త ఒప్పుకుంది. ఇక 152లో ఆరో వంతు, అంటే 25 పౌండ్ల పైన, సర్కారుది. రెస్టారెంటు తిండి మీద ఇక్కడ వ్యాట్ 20 శాతం. ఇండియాలో మామూలు రెస్టారెంట్లకి జీఎస్టీ 5 శాతం. ఇదంతా నాన్నకి వివరించబోయాను. ఆయన అప్పటికే పౌండుకి 110 చొప్పున గుణించేశారు. "పద్దెనిమిది వేల ఎనిమిది వందల పది" అన్నారు నెమ్మదిగా. "అల్లుడుగారూ, ఇందులో క్యాబేజీ ఎంత?"

8:12కి కోట్లు తెచ్చిచ్చారు. నాన్న ఆ మెనూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్వెట్టర్ జేబులో పెట్టుకున్నారు. తెనాలిలో వాకింగ్ మిత్రులకి చూపించాలట, ముఖ్యంగా అంకెలు.

మర్నాడు అమ్మ నన్ను మార్కెట్‌కి లాక్కెళ్ళింది. కట్ట రూబార్బ్ కొన్నాం. ఇంటికొచ్చి కడుగుతుంటే కాడల చివర చిన్న పసుప్పచ్చ ఆకులున్నాయి. గోంగూర అనుకున్నాక ఆకు పారేస్తుందా అమ్మ? తరగబోతుంటే పరిగెత్తుకెళ్ళి లాక్కున్నాను. రూబార్బ్ ఆకు విషం, కాడ మాత్రమే తినాలి. "ఆకు విషమైన గోంగూరేమిటే, ఏం దేశమే ఇది" అని సణుక్కుంటూ కాడలు తరిగి, కందిపప్పు ఉడికించి, వెల్లుల్లి దంచి తాలింపు వేసింది. అదొక్కటే కూర. నాన్న మొదటి ముద్ద తిన్నాక ఏమీ అనలేదు, రెండోసారి వేయించుకున్నారు. మూడోసారి అమ్మ అడక్కుండానే వేసింది. నెయ్యి కూడా. వాన ఆగలేదు, ఆదివారం, ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పని లేదు. పెరుగన్నం కూడా అయ్యాక నాన్న ఎండిన చేత్తో అలాగే కూర్చుని, పూర్వం తెనాలిలో ఎవరో ఎవరికో పొలం అమ్మిన కథ మా ఆయనకి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ అంట్లన్నీ సింకులో వేసి, గడియారం వైపు చూసి, ఆయన భుజం మీద తట్టింది.

"రెండు గంటలైంది. లేవండి, టేబుల్ కావాలి."